నిక్స్‌లో డైరెక్టరీ చెట్టు: షెల్ స్క్రిప్టా, లింక్‌ఫార్మా, జేసనా?

సాఫ్ట్‌వేర్ బిల్డ్ చేసి ప్యాకేజీలుగా ఇచ్చే నిక్స్‌లో ఒక ఫోల్డర్ నిండా ఫైళ్లు పేర్చి ఇవ్వాల్సి వస్తే చాలామంది చెయ్యి ముందు రన్‌కమాండ్ అనే, షెల్ కమాండ్లు నడిపే ఫంక్షన్ మీదకే పోతుంది. రెండు మేక్‌డిర్‌లు (ఫోల్డర్ తయారుచేసే కమాండ్), నాలుగు లింకులు, పని అయిపోతుంది. పేర్లన్నీ మనమే టైప్ చేసినంతవరకు దాన్ని తప్పుపట్టను. వేరే లిస్టులోంచి వచ్చిన పేర్లను స్క్రిప్టులో అతికించినప్పుడే తంటా.

"రిలీజ్ నోట్స్" అనే ఫోల్డర్‌నే తీసుకోండి. కొటేషన్లు లేకపోతే మేక్‌డిర్‌కి అవి రెండు పేర్లు. "రిలీజ్" అవుట్‌పుట్‌లో తయారవుతుంది, "నోట్స్" బిల్డ్ తాలూకు తాత్కాలిక ఫోల్డర్‌లో. ఎర్రర్ రాదు. బిల్డ్ ముగిశాక ఆ తాత్కాలిక ఫోల్డర్‌తోపాటే "నోట్స్" కూడా మాయం. డబుల్ కొటేషన్లు పెడితే ఈ గొడవ తీరుతుంది గానీ, పేరులో $( ) ఉంటే షెల్ దాన్ని కమాండ్ అనుకుని నడిపేస్తుంది. పేరును షెల్ ఉన్నదున్నట్టే చదివేలా చుట్టిపెట్టే ఎస్కేప్‌షెల్‌ఆర్గ్ అనే నిక్స్ ఫంక్షన్ రెండింటికీ మందే. కాకపోతే ఏ ఒక్క చోటా మర్చిపోకూడదు.

లింకులతో ఫోల్డర్ తయారుచేసిచ్చే లింక్‌ఫార్మ్‌ ఫంక్షన్‌తో ఆ టెన్షన్ లేదు. పేరు, పాత్ జతలు ఇస్తే ఎస్కేపింగ్ అదే చూసుకుంటుంది. నాకు నచ్చనిది ఒక్కటే: లిస్టులో ఒకే పేరు రెండుసార్లు ఉంటే, చప్పుడు చెయ్యకుండా చివరిదాన్ని ఉంచుకుంటుంది. అయినా నా ఓటు ముందు దీనికే.

లింకులు సరిపోని సందర్భాలూ ఉన్నాయి. కొన్ని ప్రోగ్రాములు లింకు పట్టుకుని అసలు ఫైలు దాకా వెళ్లి, పక్కనుండాల్సిన ఫైళ్లను అక్కడ వెతుకుతాయి. దొరకవు. అప్పుడు కాపీ చేయాల్సిందే, అంటే మళ్లీ షెల్. స్టోర్‌లోంచి (నిక్స్ తన ఫైళ్లన్నీ దాచే చోటు) సీపీ కమాండ్‌తో కాపీ చేసి తెచ్చిన ఫోల్డర్లు మామూలుగా రీడ్-ఓన్లీగానే వస్తాయి కాబట్టి, లోపల ఇంకో ఫైలు పెట్టబోతే "పర్మిషన్ డినైడ్" అంటుంది. ముందు సీహెచ్‌మోడ్‌తో రాసే అనుమతి ఇవ్వాలి.

కాపీ చేయాల్సిన పేర్లు వందల్లో ఉంటే స్ట్రక్చర్డ్ ఆట్రిబ్యూట్స్ మేలు. ఈ పద్ధతిలో లిస్టంతా జేసన్ (డేటా రాసే టెక్స్ట్ ఫార్మాట్) ఫైలుగా బిల్డర్‌కి, అంటే బిల్డ్ నడిపే ప్రోగ్రామ్‌కి, అందుతుంది, చిన్న పైథాన్ స్క్రిప్టు దాన్ని చదివి ఫైళ్లు పేరుస్తుంది. ఏ పేరూ షెల్ కంట పడదు. మామూలుగా విలువలు బిల్డర్‌కి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌గా వెళ్తాయి; లినక్స్‌లో ఒక్కోదానికి ఉండే 128 కేబీ హద్దు కూడా ఇక్కడ అడ్డురాదు. నాలుగు ఫైళ్ల కోసం పైథాన్‌ని పిలవడం మాత్రం అతి.

పేరులో ".." (పై ఫోల్డర్‌కి వెళ్లమనే గుర్తు) వస్తే ఈ మూడింటిలో ఏదీ దానంతటది ఆపదు. ఆ తనిఖీ నిక్స్ కోడ్‌లోనే పెట్టి, తేడా ఉంటే త్రో చేయండి, అంటే ఎర్రర్ ఇచ్చి ఆపేయండి. బిల్డ్ మొదలవకముందే ఎర్రర్ కనబడుతుంది.