ఆరేళ్లు కూర్చున్నాక చెబుతున్నా: చేవెళ్ల తోటింట్లో అరుగు, ఉయ్యాల, మంచం

చేవెళ్ల దాటాక మాకో చిన్న తోట, అందులో రెండు గదుల ఇల్లు ఉన్నాయి. శనివారం పొద్దున్నే మెహదీపట్నంలో బయల్దేరి, మొయినాబాద్ మర్రిచెట్ల కిందుగా వెళ్తాం, ఆదివారం రాత్రికి తిరిగొస్తాం. అక్కడున్నంతసేపూ పడుకోవడానికి తప్ప గదుల్లోకి వెళ్లం. ఆరేళ్లుగా ఇదే వరస. కాబట్టి గదులను పక్కనబెట్టి, కూర్చునే చోట్ల సంగతే రాస్తాను.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోసింది పడమటి పందిరికి. ఇనుప స్తంభాలు, పైన పాలీకార్బనేట్ షీటు, కింద నాలుగు పేము కుర్చీలు. పొద్దు గూకుతుంటే చూస్తూ టీ తాగాలని మా సరదా. మేస్త్రీ అప్పుడే అన్నాడు: "ఆరింటి దాకా ఎండ మొఖం మీదనే ఉంటది సారూ, ఎవరు కూసుంటరు?" వినలేదు. వేసవి సాయంత్రాలు అక్కడ కూర్చుంటే పెనమెక్కినట్టే. వానాకాలం గాలి కూడా అటు నుంచే కాబట్టి జల్లు సూటిగా కుర్చీల మీదికే కొడుతుంది. రెండు వానాకాలాలకే పేముకు బూజు పట్టి అల్లిక ఊడిపోయింది. ఇప్పుడక్కడ మిరపకాయలు ఆరబోస్తున్నాం. ఆ పనికైతే పదికి పది మార్కులు.

అసలు మా ప్రాణమంతా తూర్పు అరుగు మీదే. గోడకు ఆనించి 12 అడుగుల పొడవున కట్టించాం, పైన తాండూరు నీలిబండ పరిపించాం. వెడల్పు రెండున్నర అడుగులు. బాసింపట్టు వేసుకుని కూర్చుని మధ్యలో పళ్లెం పెట్టుకున్నా ఇంకా చోటుంటుంది. ఎత్తు 18 అంగుళాలు. ఊళ్లో పాత అరుగులు ఇంకా కిందికి ఉంటాయి కానీ, మా అత్తమ్మ మోకాళ్లను చూసి పెంచాం. ఎవరూ చెయ్యి పట్టుకోకుండానే ఆవిడ లేచి నిలబడుతుంది. మధ్యాహ్నం తిరిగాక ఇంటి నీడ దాని మీద పడుతుంది. మే నెలలో మాత్రం ఆ నీడ ఒక్కటే చాలదు. బండ మీద ఒక బకెట్ నీళ్లు గుమ్మరించి, ఆవిరి పోయేదాకా ఆగాలి.

లోపాలూ ఉన్నాయి. తాండూరు బండ సున్నపురాయి, పులుపు తగిలితే తట్టుకోదు. ఎవరో పిండేసి వదిలేసిన నిమ్మచెక్క ఒక రాత్రంతా ఉండిపోతే, ఆ చోట అర్ధచంద్రాకారంలో వెలిసిన మచ్చ పడింది. ఎంత తోమినా పోలేదు. అంతకన్నా ఘోరం, సిమెంటు మరకలు పోగొడతానని వచ్చినాయన యాసిడ్ పోశాడు. బుసబుసమని నురగొచ్చింది. ఆపమని అరిచేలోపే రెండడుగుల మేర నునుపు పోయి గరుకు తేలింది. ఇంకోటి, బయటికి కాస్త వాలు ఇమ్మని చెప్పడం మరిచాం. వాన వెలిశాక గోడవారన నీళ్లు నిలుస్తాయి, చీపురుతో తోసెయ్యాలి.

ఉత్తరపు వరండా ఏడాదంతా నీడగా ఉంటుందనుకుని ఉయ్యాల బల్ల అక్కడ వేలాడదీశాం. మొదటి వేసవిలోనే తెలిసొచ్చింది. మన హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆగస్టు 3 ప్రాంతంలో మళ్లీ వస్తాడు. ఆ మధ్య రోజుల్లో మధ్యాహ్నం కూడా ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. అంటే ఎండలు మండే రోజుల్లోనే ఉత్తరపు వరండాలోకి ఎండ. చలికాలం నీడకు కొదవ లేదు, అప్పుడది ఎవరికి కావాలి? జనవరి పొద్దుల్లో అందరం దక్షిణపు మెట్ల మీదే, గ్లాసులు పట్టుకుని ఎండ కాగుతూ. ఉయ్యాల మాత్రం బాగుంది. గొలుసుల కిర్రు వినలేక కొబ్బరినూనె, గ్రీజు అన్నీ పూశాం. గ్రీజు చొక్కాలకు అంటుకుంది. చివరికి బేరింగు కొక్కేలు బిగించాకే నోరు మూసింది.

చెట్ల విషయానికొస్తే, వేప కింద కుర్చీ వేసుకుంటే మార్చిలో టీ కప్పులోనే ఉగాది పచ్చడి. జూన్ వచ్చేసరికి పండ్లు రాలి చెప్పులకు జిగురు. అందుకే నులక మంచాన్ని కానుగ కిందికి మార్చాం. అదీ వేసవి మొదట్లో ఆకు రాలుస్తుంది కానీ, కొత్త చిగురు త్వరగానే కమ్ముకుంటుంది.

చీకటి పడ్డాక దీపంతో జాగ్రత్త. మొదట్లో అరుగు మీదే తెల్ల ట్యూబ్‌లైటు పెట్టాం. తొలకరి పడిన రాత్రి ఉసిళ్లు దండెత్తితే అన్నం పళ్లేలతో లోపలికి పరుగు. పురుగు కోసం కప్పలు, కప్పల కోసం ఒకసారి పామూ వచ్చాయి. ఇప్పుడు పసుపు బల్బు, అదీ పది అడుగుల అవతల స్తంభానికి. అయినా మంచం కింద టార్చి కొట్టి చూడకుండా కాలు కింద పెట్టం.

మంచానికిప్పుడు నడుమ నులక జారి, పడుకుంటే వీపు నేలకు తగిలేలా ఉంది. ప్లాస్టిక్ పట్టీ వేయిద్దామని మావాడు, చెమటకు అంటుకుంటుందని నేను. పక్క చేను తాత మొన్న వచ్చి చూసి, "నులక తెచ్చియ్యి బిడ్డా, దసరాలోపు నేనే అల్లిస్త" అన్నాడు. ఈ శనివారం దారిలో ఆగి తీసుకెళ్లాలి.