క్యాంపింగ్‌లో వేడినీళ్ల స్నానం: ఏది మేలు?

"ఎండలో పెట్టే షవర్ సంచి కొనమంటారా, గ్యాస్ గీజర్ కొనమంటారా?" క్యాంపింగ్‌కు కొత్తగా బయల్దేరేవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. జవాబు చెప్పేముందు నేనూ ఒకటి అడుగుతాను: మీరు దిగబోయే చోట స్నానానికి మనిషికి ఎన్ని లీటర్ల నీళ్లు దొరుకుతాయి? నీళ్లు ఎలా వేడెక్కుతాయన్న దాని మీదే అందరి ధ్యాసా ఉంటుంది. నిజానికి వేడిచేయడం పెద్ద పని కాదు. మోసుకొచ్చిన కాసిని నీళ్లతో ఒళ్లంతా తడుపుకుని, సబ్బు జిడ్డు మిగలకుండా కడుక్కోవడమే అసలు కష్టం. ఏ సాధనం మేలో తేల్చేది అదేనని నా గట్టి నమ్మకం.

ఇంట్లో షవర్ నిమిషానికి 8 నుంచి 10 లీటర్లు పోస్తుంది. ఆ ధారకు 20 లీటర్ల క్యాన్ రెండు నిమిషాలకు ఖాళీ. అదే నిమిషానికి 2 లీటర్ల సన్నని ధార అయితే, మధ్యలో ఆపుకుంటూ వాడితే, లెక్క పూర్తిగా మారిపోతుంది. తడవడానికి లీటరు, సబ్బు రుద్దుకుంటున్నంతసేపూ ధార బంద్, కడుక్కోవడానికి మూడు లీటర్లు. నాలుగైదు లీటర్లలో ఒక మనిషి స్నానం సుఖంగా అయిపోతుంది. జుట్టు పొడవుగా ఉంటే ఇంకో రెండు మూడు లీటర్లు కలుపుకోండి. కాబట్టి ఏది కొన్నా రెండు విషయాలు చూడాలి. తడి చేత్తో, కళ్లు మూసుకుని కూడా ధారను ఆపగలమా? మళ్లీ తిప్పగానే అదే వెచ్చదనంతో నీళ్లు వస్తాయా?

ఈ రెండో పరీక్షలోనే గ్యాస్ గీజర్ తడబడుతుంది. చిన్న పంపు నీళ్లు తోడుతుంటే, లోపలి రాగి గొట్టాల కింద మంట రాజుకుని, అవి పారుతూనే వేడెక్కుతాయి. 10 కిలోవాట్ల గీజర్ నిమిషానికి 5 లీటర్ల నీటిని దాదాపు 28 డిగ్రీలు పెంచగలదు. 12 డిగ్రీల వాగు నీళ్లు అప్పటికప్పుడు 40 డిగ్రీలకు వచ్చేస్తాయి. ఈ సుఖం మరే సాధనమూ ఇవ్వలేదు, ఒప్పుకుంటాను. చిక్కల్లా సబ్బు రుద్దుకోవడానికి ధార ఆపినప్పుడు వస్తుంది. మంట ఆరినా రాగి గొట్టాల వేడి వెంటనే తగ్గదు, అందులో నిలిచిన నీళ్లు ఇంకా కాగుతాయి. మళ్లీ తిప్పగానే మొదట చుర్రుమనే నీళ్లు, వెనకే మంట అందుకునేదాకా చన్నీళ్లు, ఆ తర్వాత గానీ హాయి అయిన నీళ్లు రావు. అందుకే చాలామంది షవర్ తలను పక్కకు తిప్పి మొదటి నీళ్లు నేలపాలు చేస్తారు. పోనీ ధార సన్నగా పెట్టుకుందామా అంటే, ప్రవాహం ఒక హద్దు కంటే తగ్గితే మంటే అంటుకోదు. నీళ్లను ఆదా చేయాలన్న మన ఉద్దేశానికీ ఈ యంత్రం పనిచేసే తీరుకీ పొత్తు కుదరదు.

షవర్ తలను తిరిగి బకెట్లోనే వేలాడదీసి, బకెట్ నీళ్లన్నీ హాయి వేడికి వచ్చేదాకా గీజర్ గుండా తిప్పడం ఒక ఉపాయం. వేడెక్కాక మంట ఆపి పంపుతో స్నానం చేయవచ్చు. పని బాగానే జరుగుతుంది. కానీ బకెట్ నీళ్లు కాచడానికి గీజరు, సిలిండరు, రెగ్యులేటరు, పంపు, దాని బ్యాటరీ ఇన్ని మోయడం ఎందుకని నా ప్రశ్న.

గ్యాస్ విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. గీజరైనా పొయ్యి అయినా గుడారం లోపల, తలుపులు మూసిన వాహనంలో, నాలుగువైపులా కప్పిన స్నానపు గుడారంలో వెలిగించవద్దు. మూసిన చోట మంట నుంచి పుట్టే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. తల తిరుగుతోందని గ్రహించేలోపే కాళ్లు చేతులు వశం తప్పుతాయి. చలి ఎక్కువైతే గ్యాస్ సంగతీ చూసుకోవాలి. గ్యాస్ డబ్బాల్లో ఉండే సాధారణ బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర దాదాపు ఆవిరి కావడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతుంది గనుక చలిచోట్లకు అది కలిసిన డబ్బానే తీసుకెళ్లాలి. నీళ్లు గడ్డకట్టే రాత్రి గీజర్ గొట్టాల్లో నీరు మిగిలితే అవి పగులుతాయి. పడుకునే ముందు ఖాళీ చేయడం తప్పనిసరి.

ఎండలో పెట్టే నల్ల సంచికి నా మనసులో రెండో స్థానం. మంట లేదు, మోత లేదు, మడిస్తే చొక్కా అంత చోటు చాలు. కుళాయిని ఎన్నిసార్లు ఆపి తిప్పినా అదే వెచ్చదనం. అయితే లోపల ఎన్ని నీళ్లు పోయాలన్నది తెలిసి పోయాలి. 20 లీటర్ల సంచి ఎండకు చూపే ముఖం చదరపు మీటరులో ఐదో వంతు ఉంటుంది, అంతే. నడినెత్తి ఎండలో దాని మీద పడేది 200 వాట్ల వేడి, అందులోనూ కొంత గాలి ఎత్తుకుపోతుంది. నిండా పోస్తే నీళ్లు 20 డిగ్రీలు పెరగడానికి మంచి ఎండలోనూ మూడు నాలుగు గంటలు పడుతుంది. సగమే పోసి వెడల్పుగా పరిచి పెట్టండి, ఆ సగం నీళ్లు దాదాపు సగం సమయంలో కాగుతాయి. సంచికి ఒకవైపు పారదర్శకంగా ఉంటే ఆ వైపు పైకి ఉండాలి. కింద నల్లని బండో కారు బానెట్టో ఉంటే మంచిది. చాలామంది పొద్దున్నే కొమ్మకు వేలాడదీసి షికారుకు వెళ్లిపోతారు. నిలువుగా వేలాడే సంచి మీద మధ్యాహ్నపు ఎండ ఏటవాలుగా పడుతుంది, చుట్టూ గాలి తగులుతుంది. సాయంత్రం తిరిగొచ్చేసరికి చేతికి తగిలేవి చన్నీళ్లే.

ఈ సంచికి అసలు లోటు అదే: మనం స్నానం కోరుకునేది నడిచి నడిచి అలసి చీకటిపడే వేళ, నీళ్లు వెచ్చగా ఉండేది మధ్యాహ్నం మూడింటికి. ఎండ తగ్గకముందే సంచిని దుప్పటిలో చుట్టి, పరుపు కింద చొప్పించి ఉంచితే కాసేపు కాక నిలుస్తుంది. మబ్బు పట్టిన రోజున ఆ ఆశా లేదు. నిండు సంచిని తల పైకి ఎత్తి కట్టడం కూడా చిన్న పని కాదు. 20 లీటర్లంటే 20 కిలోలు. ఎండుకొమ్మకు కడితే కొమ్మే మీద పడుతుంది. ఎండలు ముదిరిన రోజుల్లో నీళ్లు చర్మం ఓర్వలేనంతగా కాగుతాయి కాబట్టి ముందు సంచిని బాగా కుదిపి, మోచేతి మీద పోసుకుని చూడాలి.

ఇక నా మొగ్గు దాచుకోను. వంట కోసం ఎలాగూ తీసుకెళ్లే పొయ్యి, మూత ఉన్న గిన్నె, మడిచే బకెట్టు, అందులో ముంచే చిన్న బ్యాటరీ పంపు షవరు. ఇది చాలు. వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడు అంటారే, ఇక్కడ జరిగేది అచ్చంగా అదే. ఇద్దరికి కావలసిన పది లీటర్లూ కాచనక్కర్లేదు. చన్నీళ్లు 20 డిగ్రీల దగ్గర ఉంటే, మూడు పాళ్ల చన్నీళ్లకు ఒక పాలు మరిగే నీళ్లు కలిపితే సరిగ్గా 40 డిగ్రీలు. అంటే ఏడున్నర లీటర్లకు రెండున్నర. నీళ్లు 10 డిగ్రీల దగ్గర ఉంటే రెండు పాళ్లకు ఒక పాలు. కొండ మీద ప్రతి 300 మీటర్ల ఎత్తుకు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది కాబట్టి, 3000 మీటర్ల మీద మరిగే నీళ్లు కాస్త ఎక్కువ పోసుకోవాలి. గాలి తగలకుండా అడ్డు పెట్టి, మూత వేస్తే మామూలు క్యాంపింగ్ పొయ్యి మీద రెండున్నర లీటర్లు పది పన్నెండు నిమిషాల్లో మరుగుతాయి. ఖర్చయ్యే గ్యాస్ 40 గ్రాముల లోపే. ఇద్దరి స్నానానికి ఇంతకన్నా పొదుపు నాకు కనిపించలేదు.

పద్ధతిలో వరస తప్పకూడదు. ముందు చన్నీళ్లు, తర్వాత మరిగే నీళ్లు, బాగా కలిపి చేయి పెట్టి చూసుకున్నాకే పంపు. ఈ చిన్న పంపులు మరిగే నీళ్లకు చేసినవి కావు. బకెట్టును పొయ్యి దగ్గరికే తెచ్చుకోండి. మరిగే గిన్నె పట్టుకుని రాళ్లు రప్పల మీద నడవడమే ఈ పద్ధతిలో ఉన్న పెద్ద ప్రమాదం, పిల్లలున్న చోట మరీను. రెండోవాళ్లు స్నానానికి వచ్చేసరికి బకెట్టు చల్లారుతుంది గనుక ఒక లీటరు మరిగిన నీళ్లు ఫ్లాస్కులో దాచి, అప్పుడు కలపాలి. పంపును వాగు అడుగున పడేస్తే ఇసుక మింగి మొరాయిస్తుంది. వాగు నీళ్లు గుడ్డలో వడగట్టి బకెట్లో పోసుకున్నాకే వాడాలి. కొనేటప్పుడు మీట ఎక్కడుందో చూడండి. చాలా రకాల్లో అది నీళ్లలో మునిగే పంపు మీదో, బ్యాటరీ పక్కనో ఉంటుంది. షవర్ పిడి దగ్గరే ఆపే ఏర్పాటున్నది వెతికి తీసుకోండి, పైన చెప్పిన ఆదా అంతా దాని మీదే ఆధారపడి ఉంది. చార్జింగ్ అయిపోతే మగ్గు ఉండనే ఉంది.

చేత్తో గాలి కొట్టి వాడే ప్రెజర్ షవర్లకు బ్యాటరీ అక్కర్లేదు, నీళ్లూ తక్కువే పడతాయి. కాకపోతే తుంపర మరీ సన్నగా ఉంటే ఒంటికి చేరేలోపే చల్లబడుతుంది. మొక్కలకు మందు కొట్టిన స్ప్రేయర్‌ను ఎంత కడిగినా దీనికి వాడొద్దు.

కారు సాకెట్టుకు తగిలించే హీటర్లతో కాలం వృథా: 10 లీటర్లను 25 డిగ్రీలు పెంచడానికి దాదాపు 0.3 యూనిట్ల కరెంటు కావాలి, 120 వాట్ల సాకెట్టు దాన్ని ఇవ్వడానికి రెండున్నర గంటలు తీసుకుంటుంది, కారు బ్యాటరీలో పెద్ద వాటా హరిస్తుంది. ఇంజన్ వేడితో నీళ్లు కాచే పరికరాలు, కారు పైకప్పు మీద బిగించే నల్ల గొట్టాలు నెలల తరబడి వాహనంలోనే బతికేవాళ్లకు సరిపోతాయి.

కారు పక్కనే గుడారం, పక్కనే కుళాయి, వరసగా ఐదారుగురు స్నానం చేయాలి, చలి గట్టిగా ఉంది అంటే మాత్రం గీజరే కొనండి. నీళ్లకు కొదవ లేని చోట దాని లోపం లోపం కాదు. రోజంతా ఒకేచోట, ఎండలో, తీరిగ్గా ఉండేవాళ్లకు సంచి చాలు. మిగిలినవాళ్లందరికీ, ముఖ్యంగా నీళ్లు మోసుకెళ్లేవాళ్లకు, నేను చెప్పేది పొయ్యీ బకెట్టూ పంపే.

ఏది వాడినా స్నానం వాగుకీ చెరువుకీ కనీసం 60 మీటర్ల దూరంలో చేయండి. మట్టిలో కలిసిపోతుందని రాసి ఉన్న సబ్బుకూ ఆ మట్టి కావాలి, నేరుగా నీళ్లలో కలవకూడదు. సంచిలో, గొట్టంలో గోరువెచ్చని నీళ్లు రోజుల తరబడి నిలవ ఉంచొద్దు. ఊపిరితిత్తులకు చేటు చేసే లెజియోనెల్లా బ్యాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలవ నీటిలోనే పెరుగుతుంది. ఇంటికి రాగానే అన్నీ ఖాళీ చేసి, గొట్టంలోకి గాలి ఊది, మూతలు తీసి నీడలో ఆరబెట్టాకే అటక ఎక్కించండి.