స్టేజ్ మైక్రోమీటర్: ఏళ్ల తరబడి వాడాక

మైక్రోస్కోప్‌లో చూసినదాన్ని 400 రెట్లు పెద్దదిగా చూశామని చెప్పడం తేలిక. అది నిజానికి ఎంత ఉందో చెప్పాలంటే కొలబద్ద కావాలి. హైదరాబాద్‌లో డిగ్రీ విద్యార్థులకు ప్రాక్టికల్స్ చేయిస్తూ చాలా ఏళ్లుగా ఒక జత వాడుతున్నాను. ఒకటి స్టేజ్ మైక్రోమీటర్ స్లైడు, రెండోది ఐపీస్‌లో (కన్ను ఆనించి చూసే కటకంలో) అమర్చే గీతల గాజుబిళ్ల. కోఠిలో కొన్న మామూలు రకమే.

స్లైడు మధ్యలో ఒక మిల్లీమీటరును 100 భాగాలు చేసి గీశారు. ఒక్కో భాగం 10 మైక్రోమీటర్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రోమీటరు). ఐపీస్ గీతలకు సొంత విలువ లేదు, ఆబ్జెక్టివ్ (స్లైడు వైపు ఉండే కటకం) మారితే అవి కొలిచే పొడవూ మారుతుంది. అందుకే రెండు స్కేళ్లనూ ఒకదాని పక్కన ఒకటి నిలిపి, గీతతో గీత కచ్చితంగా కలిసే రెండు చోట్లు వెతకాలి. మా 40ఎక్స్ (40 రెట్లు పెద్దది చేసే) ఆబ్జెక్టివ్ కింద ఐపీస్ భాగాలు 80, స్లైడు భాగాలు 21తో సరిగ్గా కలిశాయి. 210ని 80తో భాగిస్తే ఒక్కో ఐపీస్ భాగం 2.625 మైక్రోమీటర్లు. డబ్బాలోని కాగితంలో 2.5 అని ఉంది. దాన్ని నమ్ముకుంటే ప్రతి కొలతా అయిదు శాతం తగ్గిపోతుంది. మా లెక్కతో కొలిస్తే రక్తపు పూతలో ఎర్రకణం మూడు భాగాలకు కాస్త తక్కువ, అంటే ఏడున్నర మైక్రోమీటర్ల దగ్గర తేలుతుంది. పాఠంలో చదివిన అంకె తమ చేతి లెక్కలో వచ్చినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి!

ఈ నగరంలో కొలత విలువ చెప్పడానికి దూరం వెళ్లనక్కర్లేదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ జీర్ణాశయపు గోడలో, మలేరియా దోమల ద్వారా సోకుతుందా అని వెతుకుతున్న వైద్యుడు రొనాల్డ్ రాస్ చూసిన గుండ్రటి కణం సుమారు 12 మైక్రోమీటర్లు. జీర్ణాశయ కణమైతే అంత చిన్నగా ఉండదని ఆయనకు అనుమానం వచ్చింది. మర్నాడు మరో దోమలో అవే కణాలు ఇంకా పెద్దవిగా కనిపించాయి. పెరుగుతున్నాయంటే మలేరియా పరాన్నజీవే! పరిమాణం పట్టించుకోకపోతే అది చేజారేదే.

ఫోనుతో ఫోటో తీసి కింద '400 రెట్లు' అని రాయడం మాత్రం మానాలి. తెరపై 60 మిల్లీమీటర్లున్న ఉల్లిపొర కణం అసలు పొడవు 300 మైక్రోమీటర్లయితే, ఆ బొమ్మ ఆవర్ధనం 200 రెట్లే. వేళ్లతో జూమ్ చేస్తే అదీ మారుతుంది. అదే ఫోటోలో 50 మైక్రోమీటర్ల స్కేలు గీత గీస్తే బొమ్మతో పాటే అదీ పెరుగుతుంది, లెక్క చెడదు.

ఇబ్బందులూ ఉన్నాయి. మా స్లైడులో స్కేలు చుట్టూ వలయం లేదు, 4ఎక్స్‌తో మొదలుపెడితే తప్ప గీతలు దొరకవు. 100ఎక్స్ కింద ఆ గీతలే లావుగా కనిపిస్తాయి కాబట్టి ఎడమ అంచుకు ఎడమ అంచు కలపాలి. గాజుబిళ్ల మీద దుమ్ము పడితే ప్రతి స్లైడులోనూ అదే మచ్చ.

కొనేవారు వలయం ఉన్న స్లైడునే అడగండి. ల్యాబ్ మొత్తానికి ఒకటి చాలు. గాజుబిళ్లలు మాత్రం మైక్రోస్కోప్‌కు ఒకటి చొప్పున కావాలి, ఐపీస్ లోపలి వ్యాసం కొలిచాకే తీసుకోండి.