కావలి ఎండల్లో లీనియర్ ఆల్జీబ్రా: మూడు వేసవుల తర్వాత నా సమీక్ష

ఈ కోర్సు ఎలా ఉందో రాయమని మొదటి వేసవి అయిపోగానే స్నేహితురాళ్లు అడిగారు. అప్పుడే రాసి ఉంటే పొగడ్తలు తప్ప ఇంకేం ఉండేవి కావు. ఇప్పటికి మూడు వేసవులు గడిచాయి. చదివినదాంట్లో ఏది నిలిచిందో, ఏది జారిపోయిందో తెలిసింది కాబట్టి రాస్తున్నాను.

కోర్సు నంబరు 18.06, పేరు లీనియర్ ఆల్జీబ్రా. అమెరికాలోని ఎంఐటీలో గిల్బర్ట్ స్ట్రాంగ్ గారు చెప్పిన పాఠాలు. 1999లో తరగతి గదిలోనే తీసిన వీడియోలు, ఎంఐటీ ఓపెన్ కోర్స్‌వేర్‌లో ఉచితంగా దొరుకుతాయి. పాఠాలు 34, మధ్యలో ఒక రివిజన్ క్లాసుతో కలిపి 35. ఒక్కోటి ముప్పావుగంట అటూ ఇటూ. పేరు నమోదు చేసుకునే పని లేదు, ఫీజు లేదు, చివర్లో సర్టిఫికెట్ కూడా లేదు. హోంవర్కులు, పరీక్ష పేపర్లు, వాటి జవాబులు మాత్రం అక్కడే ఉన్నాయి. పాత వీడియోలు కాబట్టి బొమ్మ అంత స్పష్టంగా ఉండదు, కానీ బోర్డు మీద సుద్దముక్కతో రాసేదంతా చదవగలం. డేటా కూడా తక్కువే అయింది.

మాది కావలి దగ్గర పల్లె. ఇంటర్ దాకా తెలుగు మీడియం. మాత్రికలు, నిర్ధారకాలు, సదిశలు మొదటి సంవత్సరంలోనే చదివాను. క్రేమర్ పద్ధతి, గాస్–జోర్డాన్ పద్ధతి నిద్రలో లేపి అడిగినా చేసేదాన్ని. బీఎస్సీ నాలుగో సెమిస్టర్‌లో లీనియర్ ఆల్జీబ్రా పేపర్ వచ్చేసరికి అదంతా ఎటు పోయిందో తెలియలేదు. మొదటి పేజీలోనే సదిశాంతరాళం (వెక్టర్ స్పేస్) నిర్వచనం, వరసగా దాని నియమాలు, ఆ వెంటనే ఉపాంతరాళం మీద సిద్ధాంతాలు. వెతికినా ఒక్క అంకె కనిపించదు. ర్యాంక్–నలిటీ సిద్ధాంతం పది మార్కులకి తప్పకుండా వస్తుందన్నారని రెండు పేజీల నిరూపణ కంఠతా పట్టాను. వచ్చింది కూడా. మధ్యలో ఒక్క లైను గుర్తురాలేదు, చెయ్యి అక్కడే ఆగిపోయింది. హాల్లోంచి బయటికి వస్తుంటే బాధపెట్టింది ఆ లైను కాదు. చిన్న మాత్రిక ఒకటి చేతికిచ్చి దీని ర్యాంక్ ఏది, నలిటీ ఏది అని ఎవరన్నా అడిగి ఉంటే నేను చెప్పలేను. అదీ బాధ. తర్వాత ఫలితాలు వచ్చాయి, 75కి 22. సప్లీ.

2023 మే మొదటి వారంలో మొదలుపెట్టాను. మా మిద్దె మీద రేకుల గది ఒకటుంది. పగలు దాంట్లో కూర్చునే పరిస్థితి లేదు, మధ్యాహ్నం కరెంటు కూడా పోతుంటుంది. అందుకని రాత్రి వీడియో దించుకుని, తెల్లారుజామున నాలుగున్నరకి లేచి మిద్దె మీద చూసేదాన్ని. ఏడయ్యేసరికి ఎండ తగిలేది, కిందికి దిగిపోయేదాన్ని. సాయంత్రం హోంవర్కు. మొదటి వారం ఆయన ఇంగ్లీషు చెవికి పట్టలేదు. కింద అక్షరాలు వచ్చేలా పెట్టుకుని, వేగం తగ్గించుకుని చూశాను. ఆయన మెల్లగా, ఒక్కో మాటా ఆలోచించుకుంటూ మాట్లాడతారు కాబట్టి రెండో వారానికి ఆ అవసరం పోయింది. తెలుగు మీడియం పిల్లలు భాష చూసి భయపడొద్దు. వారం రోజులు ఓపిక పడితే చాలు.

మొదటి పాఠం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, నాకు దారి చూపింది అదే. రెండు సమీకరణాలు తీసుకుంటారు. రెండు ఎక్స్ మైనస్ వై సున్నా. మైనస్ ఎక్స్ ప్లస్ రెండు వై మూడు. మనమైతే వెంటనే సాధించేస్తాం, లేదా గ్రాఫ్ మీద రెండు గీతలు గీసి ఎక్కడ కలుస్తాయో చూస్తాం. ఆయన అది చూపించి, దాన్ని పక్కన పెట్టి, ఆ సమీకరణాల గుణకాలతో వచ్చే మాత్రికని నిలువుగా చూడమంటారు. నిలువు వరసలు రెండు: ఒకటి (2, మైనస్ 1), ఇంకోటి (మైనస్ 1, 2). మొదటిది ఎన్నిసార్లు, రెండోది ఎన్నిసార్లు కలిపితే (0, 3) వస్తుంది? ప్రశ్న అలా మారిపోయింది.

నాకు చుక్కల ముగ్గు గుర్తొచ్చింది. మరుసటి రోజు మిద్దె మీద ముగ్గుపిండితో వరసగా చుక్కలు పెట్టాను. మధ్య చుక్క దగ్గర మొదలుపెట్టి కుడికి రెండు, కిందికి ఒకటి. అది మొదటి నిలువు వరస. తర్వాత ఎడమకి ఒకటి, పైకి రెండు. మళ్లీ అదే ఇంకోసారి. చేరింది ఎక్కడికయ్యా అంటే, బయలుదేరిన చుక్కకి సరిగ్గా మూడు చుక్కల పైకి. మొదటిది ఒకసారి, రెండోది రెండుసార్లు. ఎక్స్ ఒకటి, వై రెండు. ఇంటర్‌లో వందసార్లు చేసిన లెక్కలో కాళ్లతో నడిచే దారి ఉందని అప్పుడు తెలిసింది. ఋజు సంయోగం అని పుస్తకంలో చదివిన మాట ఇదే.

ఆ ముగ్గుతో ఇంకొన్ని రోజులు గడిపాను. ఆ రెండు అడుగులతోనే, ముందుకో వెనక్కో ఎన్నిసార్లయినా, కానీ పూర్తి అడుగులే వేస్తూ నడిస్తే, అన్ని చుక్కలకీ చేరలేం. చేరగలిగిన చుక్కలకి గుర్తు పెట్టుకుంటూ పోతే మూడింటిలో ఒక్కటే అందుతోంది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. 20వ పాఠంలో నిర్ధారకం అంటే వైశాల్యం, ఘనపరిమాణం అని ఆయన చూపించినప్పుడు లేచి నిలబడ్డాను. ఆ మాత్రిక నిర్ధారకం నాలుగులోంచి ఒకటి పోతే మూడు. నా ముగ్గులో మూడింటికొకటి అన్న మూడు అదే. ముక్కలుగా, సగాలుగా కూడా అడుగులు వెయ్యనిస్తే తలం మొత్తం అందుతుంది, అప్పుడు ఆ రెండు వరసలూ ఆ తలానికి ఆధారం (బేసిస్) అవుతాయి. ఈ విషయం ఆయన ఈ రూపంలో చెప్పలేదు. నాకై నేను కనుక్కున్నది కాబట్టి నాకు చాలా ఇష్టం.

ఆరో పాఠం నుంచి పదో పాఠం దాకా కోర్సుకి గుండెకాయ. కాలమ్ స్పేస్ (నిలువు వరసల ఋజు సంయోగాలన్నీ), నల్‌స్పేస్ (మాత్రికతో గుణిస్తే సున్నా వచ్చే సదిశలు), పివట్ వరసలు, స్వేచ్ఛా చలరాశులు. మాత్రికని ఎలిమినేషన్ చేసుకుంటూ పోతే, అంటే అడ్డ వరసల్ని ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తూ సున్నాలు తెచ్చుకుంటే, ప్రతి అడ్డ వరసలో మొదట మిగిలే సున్నా కాని అంకె పివట్. పివట్ ఉన్న నిలువు వరసలు ఎన్నో అదే ర్యాంక్. పివట్ లేనివి ఎన్నో అదే నలిటీ. ఈ రెండూ కలిపితే మొత్తం నిలువు వరసల సంఖ్య రాక ఇంకేం వస్తుంది? రెండు పేజీలు కంఠతా పట్టిన సిద్ధాంతం ఇదే. మిద్దె మీద ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. ఎవరి మీదా కోపంతో కాదు, ఇంత దగ్గరగా ఉన్నదాన్ని ఏడాది పాటు చూడలేకపోయాననే.

పదో పాఠం మొదట్లోనే ఆయన ముందు తరగతిలో తాను చేసిన పొరపాటు చెప్తారు. మూడు నిలువు వరసలు స్వతంత్రమైనవని, అంటే వాటిలో ఏదీ మిగతావాటి కలయికతో రాదని, బోర్డు మీద రాసేశారు. తీరా చూస్తే ఆ మాత్రికలో ఉన్న మూడు అడ్డ వరసల్లో రెండు ఒకేలా ఉన్నాయి, కాబట్టి స్వతంత్రం కావు. తొమ్మిదో పాఠం చూసినప్పుడు నేనూ అది పట్టుకోలేదు. వెనక్కి వెళ్లి ఆ మాత్రిక మళ్లీ చూశాను. అంత పెద్దాయన తప్పు ఒప్పుకుని, ఆ తప్పునే కొత్త పాఠానికి మెట్టుగా వాడుకున్నారు. నేను ట్యూషన్ చెప్పడం మొదలుపెట్టాక ఆ కొన్ని నిమిషాలు నాకు చాలాసార్లు పనికొచ్చాయి.

నేను మొదటిసారి ఈ పాఠాలు చూస్తున్న ఆ మే నెలలోనే స్ట్రాంగ్ గారు ఎంఐటీలో తన చివరి తరగతి చెప్పారు, 88 ఏళ్ల వయసులో. ఆ వీడియో కూడా చూశాను. పొద్దున్నే నేను చూస్తున్న 1999 నాటి మనిషీ, ఈ తెల్లజుట్టు పెద్దాయనా ఒకరేనని నమ్మడానికి కాసేపు పట్టింది.

ఇక ఇబ్బంది ఎక్కడొచ్చిందో చెప్తాను. జూన్ మొదటి వారానికి 20 పాఠాలు అయ్యాయి. రోహిణి కార్తె, ఒళ్లు మండిపోతోంది, కాలేజీ తెరిచే రోజు దగ్గర పడుతోంది. ఎలాగైనా పూర్తి చెయ్యాలన్న పట్టుదలతో రోజుకి రెండు పాఠాలు చూశాను, హోంవర్కు మానేశాను. 21, 22 పాఠాలు, అంటే ఐగెన్ విలువలు, ఫిబొనాచీ సంఖ్యల లెక్క, కాస్త పట్టుకున్నాను. ఆ తర్వాతవి, ముఖ్యంగా 28లో జోర్డాన్ రూపం, 29లో ఎస్వీడీ (ఏ మాత్రికనైనా మూడు సరళమైన మాత్రికల లబ్ధంగా విడదీయడం), చూసిన రోజు అర్థమైనట్టే ఉండేవి. నెల తిరిగేసరికి ఒక్క ముక్క మిగల్లేదు. మినప్పప్పు నానకుండా రుబ్బితే ఎలా ఉంటుందో అలా అయింది. తప్పు కోర్సుది కాదు. ఎంఐటీలో వాళ్లకి అది ఒక పూర్తి సెమిస్టర్. నేను ఎనిమిది వారాల్లో కుక్కాలని చూశాను.

అందుకే ఒక్క వేసవి మాత్రమే ఉన్నవాళ్లకి నా సలహా: 22వ పాఠం దగ్గర ఆపెయ్యండి. రెండు రోజులకో పాఠం, మధ్య రోజు హోంవర్కు, ఆదివారం సెలవు. అలా వెళ్తే వారానికి మూడు, ఎనిమిది వారాల్లోపే 22 అయిపోతాయి. 11, 12 పాఠాలు తర్వాత చూసుకోవచ్చు. మిగతాది వచ్చే ఏడాదికి ఉంచుకోండి. నేను 2024 వేసవిలో 25, 29, 33 మాత్రమే పెట్టుకుని ఒక్కోదాని మీద వారం కూర్చున్నాను. ఎస్వీడీ అప్పుడు వచ్చింది, ఇప్పటికీ ఉంది.

మన బీఎస్సీ పరీక్షకి ఈ కోర్సు ఒక్కటే చాలదు. మన సిలబస్‌లో ఫీల్డ్ అని, నియమాలని, నిరూపణలతో మొదలవుతుంది; లీనియర్ ట్రాన్స్‌ఫర్మేషన్ ముందే వస్తుంది. ఆయన దాన్ని 30వ పాఠం దాకా తీసుకురారు. సంకీర్ణ సంఖ్యలు 21లో ఒక ఉదాహరణలో కనిపించినా, సంకీర్ణ మాత్రికలు 26లో గానీ రావు. కేలీ–హామిల్టన్ సిద్ధాంతానికి నేను మన పుస్తకమే చూసుకున్నాను. ఆయన ఉద్దేశం వేరు: ముందు అంకెలతో చూపించి, తర్వాత పేరు పెట్టడం. సప్లీకి చదివేటప్పుడు నేను పద్ధతి తిరగేశాను. పుస్తకంలో ప్రతి సిద్ధాంతానికీ ముందు మూడు వరసల మాత్రిక ఒకటి రాసుకుని, దాంట్లో ఆ సిద్ధాంతం ఏం చెప్తోందో చూసి, ఆ తర్వాతే నిరూపణ చదివాను. కంఠతా అక్కర్లేకపోయింది. 58 వచ్చాయి. నిరూపణలే ముందు కావాలనుకునేవాళ్లకి మన దేశపు ఉచిత ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు దగ్గరగా ఉంటాయి. అవి ఎలా ఉంటాయో తెలుసుకోవడానికి కొన్ని చూశాను గానీ పూర్తిగా చెయ్యలేదు.

వాడకం సంగతికి వస్తే, 16వ పాఠంలోని లీస్ట్ స్క్వేర్స్ నాకు ఇంట్లోనే పనికొచ్చింది. మూడు బిందువులు ఒక గీత మీద లేవు, అంటే సమీకరణాలకి సాధన లేదు. అప్పుడు కుడివైపున్న సదిశని కాలమ్ స్పేస్ మీదికి లంబంగా దించుతాం. మే నెల మిట్టమధ్యాహ్నం మనిషి నీడ కాళ్ల కిందే పడుతుంది చూశారా, అలా. ఆ నీడకి సాధన ఉంటుంది. ఆయన చేసిన ఉదాహరణలో 1, 2, 3 దగ్గర విలువలు 1, 2, 2. వచ్చిన గీత మూడింట రెండుతో మొదలై అడుగుకి అరచొప్పున పెరుగుతుంది.

మా చిన్నాయనకి సముద్రం వైపు రొయ్యల గుంటలున్నాయి. రెండో వేసవిలో విసురు వలేసి తూకం చూసొచ్చి, "ఏందమ్మా, ఇంకో పదిరోజులకి కౌంట్ ఎంతుంటాదో నీ లెక్కల్లో తేల్తాదా?" అని అడిగాడు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య. సీడు వేసిన 40వ రోజున రొయ్య సగటు బరువు 5 గ్రాములు, 50వ రోజున 7, 60వ రోజున 10. లీస్ట్ స్క్వేర్స్ గీత ప్రకారం పది రోజులకి రెండున్నర గ్రాముల పెరుగుదల, 70వ రోజుకి 12.3 గ్రాములు, అంటే 81 కౌంట్. గీత బదులు వంపు పెట్టి మూడు బిందువుల గుండా సరిగ్గా పోనిస్తే 14 గ్రాములు, 71 కౌంట్. రెండూ చెప్పాను. 70వ రోజు వలలో వచ్చింది 13. "మధ్యలో నిలబడిందిలే," అని నవ్వాడు. మూడు తూకాలకీ సరిగ్గా అతికించిన వంపు నాలుగోదానికి కూడా సరిపోవాలని లేదని నాకు ఆ గుంట దగ్గరే తెలిసింది. ఇప్పుడు ఆయన వారానికోసారి తూకం రాసి పెడుతున్నాడు. వరసలు ఎక్కువైనకొద్దీ గీత నమ్మకంగా వస్తోంది.

ఇప్పుడు ఎమ్మెస్సీ చదువుతున్నాను. మొన్నటి వేసవిలో మా వీధిలో బీఎస్సీ చదివే ఇద్దరు అమ్మాయిలకి ఇదే కోర్సు మిద్దె మీద పెట్టాను, మొదటి రోజు ముగ్గు చుక్కలతో సహా. వాళ్లలో చిన్నది నాలుగో వారంలో అడిగింది: "అక్కా, ఎలిమినేషన్ చేస్తే అడ్డ వరసల స్పేస్ మారదన్నావు, మరి నిలువు వరసల స్పేస్ ఎందుకు మారతాది?" చప్పున జవాబు రాలేదు. ఇద్దరినీ కూర్చోబెట్టి పదో పాఠం మళ్లీ మొదటినుంచీ పెట్టాను.