నాలుగేళ్లు వాడాక మా ఆఫీసు: ఆ ఫోన్ గది గురించే చెప్పాలి

మాదాపూర్‌లో కొత్త ఆఫీసుకు మారిన కొత్తలో కనిపించిన వాళ్లందరికీ దాని గురించి గొప్పగా చెప్పాను. రిసెప్షన్‌లో చేర్యాల బొమ్మలు, వెలుతురు నిండిన హాలు, మేనేజర్లకు కూడా విడి క్యాబిన్లు లేవు. "మా దగ్గర దాపరికాలుండవు" అన్న మాట ఆఫీసు చూస్తేనే తెలుస్తుందని మురిసిపోయాను. బొమ్మలు ఇప్పటికీ ఇష్టమే. హాల్లో మాత్రం ఎండాకాలం పడమటి అద్దాల పక్కన కూర్చుంటే మూడింటికే బ్లైండ్స్ దించి లైట్లు వేసుకోవాలి.

రెండో ఏడు నాన్న బయాప్సీ రిపోర్టు వచ్చింది. డాక్టరుతో మాట్లాడటానికి ఫోన్ గదిలోకి వెళ్లి తలుపు గట్టిగా వేసుకున్నాను. మెల్లగానే మాట్లాడాను గానీ చివర్లో ఏడుపు ఆగలేదు. బయటికొచ్చేసరికి పక్క గదిలోని అక్క మంచినీళ్ల గ్లాసుతో నిలబడి ఉంది. "ఏ స్టేజ్ అన్నారమ్మా?" అంది. ప్రేమగానే అడిగింది. కానీ అది అమ్మకు కూడా ఇంకా చెప్పని మాట.

తర్వాత చూస్తే, ఆ గోడ ఫాల్స్ సీలింగ్ దాకానే ఉంది. ఆ పైన స్లాబు దాకా ఖాళీయే. ఇక్కడి మాట పైనుంచి వెళ్లి పక్క గదిలో దిగుతుంది. గోడకు అంటించిన మెత్తటి ప్యానెళ్లు గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తాయి గానీ, మాట బయటికి పోకుండా ఆపలేవు. నాది హెచ్ఆర్ పని. అంతకుముందు ఆ గదిలో నన్ను నమ్మి గోడు చెప్పుకున్న వాళ్లంతా గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అడగ్గా అడగ్గా ఎనిమిది నెలలకు జిప్సం బోర్డుతో గోడను స్లాబు దాకా లేపి, లోపల శబ్దాన్ని పీల్చుకునే రాక్‌వుల్ (రాతి ఉన్ని) కూరి, తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ వేశారు. ఏసీ గాలి తిరిగి వెళ్లే దారి మూసుకుపోయి వారం రోజులు ఉక్కపోసింది. గాలి వెళ్లేలా, మాట మాత్రం సూటిగా దాటిపోకుండా వంపు తిరిగిన డక్టు (గాలి గొట్టం) పెట్టాక సర్దుకుంది. ఇప్పుడు బయటికి గొణుగుడు వినిపిస్తుంది గానీ మాటలు తెలియవు.

రోజులో సగం మనుషుల కష్టాలు వినే పని కాబట్టి నాకు ఇది ఇంత ముఖ్యమేమో. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కోడ్ రాసుకునే మావాళ్లకు హాలే హాయి. మీరు ఆఫీసు చేయించుకుంటుంటే మాత్రం, డబ్బు కట్టేముందు సీలింగ్ పలక ఒకటి ఎత్తి గోడ ఎందాకా ఉందో చూసుకోండి.

నాన్న ఇప్పుడు బాగున్నారు. ఆయన డాక్టరుకు ఫోన్ ఆ గదిలోంచే చేస్తున్నాను.