రెండు వేలకి 16 టీబీ ఎస్‌ఎస్‌డీ: కొనేముందు ఇది చదవండి

విజయనగరం, శ్రీకాకుళం ఫొటో స్టూడియోల వాళ్లకి ముఖ్యంగా ఈ మాట. సిరిమానోత్సవం, ఆ వెనకే పెళ్లి ముహూర్తాలు దగ్గరపడితే చాలు, ఫోన్ నిండా "16 టీబీ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ, 2 వేలలోపే" ప్రకటనలు. ఎస్ఎస్డీ అంటే చిప్పుల్లో డేటా దాచే వేగమైన డ్రైవు. ఆ ధరకి 16 టీబీ రాదు.

అలాంటి డబ్బా విప్పితే తరచూ కనిపించేది ఒక చిన్న బోర్డు, దానికి జిగురుతో అంటించిన 64 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డు. చేతికి బరువు తగలాలని కొన్నిట్లో ఇనప ముక్క కూడా పెడతారు. ఫర్మ్‌వేర్ (డ్రైవు లోపల నడిచే ప్రోగ్రాము) మార్చి 16 టీబీ అని చెప్పిస్తారు, విండోస్ అదే నమ్మి ప్రాపర్టీస్‌లో చూపిస్తుంది. కాబట్టి ఆ స్క్రీన్‌షాట్ చూసి మురిసిపోవద్దు.

64 జీబీ దాటినా కాపీ ఆగదు, ఎర్రరూ రాదు. డ్రైవు కొత్త ఫైళ్లను పాతవాటి మీద రాసేస్తుంది, లేదా రాసినట్టు నటిస్తుంది. ఫోల్డర్లో పేర్లూ సైజులూ భేషుగ్గా ఉంటాయి. ఎడిటింగ్‌కి కూర్చున్నాక తలంబ్రాల క్లిప్పు తెరుచుకోదు, అప్పటికి కెమెరా కార్డులు ఫార్మాట్ అయిపోయి ఉంటాయి. డ్రైవులో అసలు రాయనిదాన్ని ఏ రికవరీ సాఫ్ట్‌వేరూ తీయలేదు.

డ్రైవు ఖాళీగా ఉన్నప్పుడే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే పరీక్ష ప్రోగ్రాము నడపండి (లినక్స్ అయితే ఎఫ్3). 'ఓన్లీ' గడిలో 200000 ఎంబీ వేసి 'రైట్ ప్లస్ వెరిఫై' నొక్కండి. నకిలీలు ఎక్కువగా యూఎస్‌బీ 2.0వే, సెకనుకు 30 ఎంబీ చొప్పున రాయడానికే రెండు గంటలు పడుతుంది. రాస్తున్నంతసేపూ బాగున్నట్టే ఉంటుంది, వెరిఫైలో గుట్టు బయటపడుతుంది. 'డేటా లాస్ట్' అని వస్తే రిటర్న్ పెట్టేయండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి ఉంచుకోండి, అమ్మినవాడు మొండికేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

అసలు బ్రాండ్లదీ ఒక కిటుకుంది. "సెకనుకు 7000 ఎంబీ వరకు" అంటారు చూడండి, ఆ 'వరకు'లోనే ఉంది సంగతంతా. పాత ల్యాప్‌టాప్‌లో డ్రైవు పెట్టేది పాత తరం జెన్3 స్లాటైతే 3500 దాటదు. క్యూఎల్‌సీ (చవక రకం మెమరీ) డ్రైవైతే కాష్ (ముందుగా వేగంగా రాసుకునే చోటు) నిండేదాకే ఆ పరుగు, తర్వాత కొన్ని మామూలు హార్డ్ డిస్కు కన్నా నెమ్మదిస్తాయి. షాపులో వేగం చూపించే 1 జీబీ బెంచ్‌మార్క్ కాష్‌లోనే అయిపోతుంది. వేగమైన డ్రైవు నుంచి ఒక్కసారే 300 జీబీ కాపీ పెట్టించి, కాపీ విండోలో వేగం గ్రాఫ్ ఎక్కడ పడిపోతుందో చూడండి.

1 టీబీ కొంటే 931 జీబీయే చూపిస్తోందని మాత్రం షాపువాడితో గొడవపడకండి. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో.