తాడు హాల్టర్, పన్నెండడుగుల పగ్గం: పోటీ గుర్రానికి ఎంతవరకు పనికొస్తాయి?

నేచురల్ హార్స్‌మన్‌షిప్ (గుర్రం స్వభావాన్ని బట్టి నేర్పే పద్ధతి) పేరుతో అమ్మే ముడుల తాడు హాల్టర్ (కళ్ళెం లేని తలకట్టు), 12 అడుగుల పగ్గం, 4 అడుగుల ఫైబర్ కర్ర ఒక సెట్టుగా తెప్పించుకున్నాను. ఆరు వేల పైచిలుకు అయింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన డ్రస్సాజ్ (రౌతు సూచనలకు గుర్రం నిర్ణీత కదలికలు చేసి చూపే పోటీ) జట్టు స్వర్ణం గెలిచినప్పటి నుంచి ఈ ఆట గురించి నన్ను అడిగేవాళ్ళు పెరిగారు. పోటీకి సిద్ధమయ్యే గుర్రానికి ఈ సామాను కొనవచ్చా అంటే నా జవాబు ఇది: హాల్టర్, పగ్గం తప్పకుండా కొనండి. కర్ర లేకపోయినా పని జరుగుతుంది.

మా సిరి థరోబ్రెడ్ (పందేల జాతి) ఆడగుర్రం. హైదరాబాద్ మలక్‌పేటలో పందేలు మానేశాక భోగాపురం దగ్గర మా కొబ్బరితోటకు వచ్చింది. దానికి ముందుకు దూకడం తెలుసు. నిలకడగా ఆగడం, వెనక్కి అడుగు వేయడం, పక్కకు జరగడం తెలియవు. డ్రస్సాజ్‌లో అడిగేవి అవే. 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న బరిలో ఒక్కో కదలికకు సున్నా నుంచి పది వరకు మార్కులు వేస్తారు. తోక విసురుతూ, పళ్ళు నూరుతూ చేసిన కదలికకు మంచి మార్కులు రావు.

గరివిడి పశువైద్య కళాశాలలో చదివిన నా కళ్ళు ముందుగా పడింది ముడుల మీదే. వెడల్పు పట్టీ హాల్టర్ ఒత్తిడిని ముఖమంతా పరుస్తుంది, గుర్రం దాని మీద బరువు వేసి మనల్ని లాక్కుపోగలదు. ఇక్కడ తాడు సన్నం, ముక్కు దూలం మీద రెండు ముడులు. గుర్రం లాగితే అవి గుచ్చుకుంటాయి. తల కాస్త మనవైపు ఇస్తే చాలు, ఆ క్షణంలోనే ఒత్తిడి పోతుంది. ఈగ వాలిన చోట మాత్రమే చర్మాన్ని అదిలించుకోగల జంతువుకు ఏదీ గట్టిగా చెప్పనక్కర్లేదు. ఒత్తిడి తొలగిన ఘడియను బట్టే అది పాఠం నేర్చుకుంటుంది. మన చేయి ఆలస్యమైతే ఏ హాల్టరూ ఉపయోగపడదు. ముక్కు మీది తాడు చెంప ఎముక అంచుకు సుమారు రెండు వేళ్ళ కింద ఉండాలి. ఇంకా జారితే పలచటి ఎముక మీద పడి గాయం చేస్తుంది. అమ్మినవారు ఈ సంగతి చెప్పే చిన్న కాగితమైనా పెట్టలేదు. అది నాకు కోపం తెప్పించింది.

విజయనగరంలో ఒకప్పుడు జట్కా నడిపిన పెద్దాయన మా సిరిని చూసుకుంటారు. సామాను చూడగానే, "డాక్టరమ్మా, తాడుకింత డబ్బా? చింతపల్లి జాలర్లను అడిగితే ఇవ్వరా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. పడవలకు కట్టే తాడు తెచ్చి చూశాం. పురి తిప్పిన ప్లాస్టిక్ తాడు అది. తేలిక, బిరుసు, అరచేతిని కోస్తుంది. వదులు చేసినా వంగి వేలాడదు. కొన్న పగ్గానికి బరువుంది. మణికట్టు ఊపితే ఆ కదలిక తాడు పొడవునా పాకి గుర్రం గడ్డం దాకా చేరుతుంది, చేయి ఆపితే ఆగుతుంది. పెద్దాయన రెండింటినీ పట్టుకుని చూసి, "దీనికి ప్రాణం ఉందమ్మా" అన్నారు.

ఈ పద్ధతిని ప్రచారం చేసిన అమెరికా శిక్షకుడు పాట్ పారెల్లీ ఏడు ఆటలుగా కూర్చిన పాఠాలను జీను వేయకముందే, నేల మీద నిలబడి ఈ తాడుతో చేయిస్తాం. వేలికొసతో నెమ్మదిగా ఒత్తితే జరగడం, రేపు రౌతు కాలి స్పర్శకు కదలడానికి పునాది. తాడు ఊపితే వెనక్కి నడవడం పోటీలో వెనక్కి అడుగులేసే రెయిన్‌బ్యాక్‌కు, గోడ పక్కన అడ్డంగా అడుగులు వేయడం పక్కకు జరుగుతూ ముందుకు సాగే లెగ్ యీల్డింగ్‌కు నేరుగా పనికొచ్చాయి. అన్నిటికంటే నా మనసు గెలిచింది ఇరుకు దారి ఆట. ఇక్కడి నుంచి ఏ పోటీకి వెళ్ళాలన్నా గుర్రం లారీ ఎక్కాలి. ఇదివరకు సిరిని ఎక్కించడానికి నలుగురు నెట్టాల్సి వచ్చేది. అలా భయంతో తడిసి దిగిన గుర్రం బరిలో ఏం చేస్తుంది? మొదట గోడకూ నాకూ మధ్య నుంచి నడిపించాను. తర్వాత రెండు పీపాల మధ్య, ఆపైన నేల మీద పరిచిన చెక్క మీద. చివరికి లారీ పలక. ఒక కాలు పెట్టి ఆగితే తాడు వదిలి ఊపిరి తీసుకోనిచ్చాం, దిగుతానంటే దిగనిచ్చాం. ఇప్పుడు తాడు వేలాడుతుండగానే ఎక్కి ఉలవ గుగ్గిళ్ళ తొట్టి వెతుక్కుంటుంది.

ఈ పద్ధతి సరదాకి తప్ప పోటీకి పనికిరాదని వాదించేవారున్నారు. కానీ 2008 పారాలింపిక్స్ డ్రస్సాజ్‌లో స్వర్ణం గెలిచిన కెనడా రైడర్ లారెన్ బార్విక్ పారెల్లీ పద్ధతి శిక్షకురాలు కూడా. క్రీడ కూడా గుర్రాన్ని నొప్పించని ఈ దారిలోకే వస్తోంది. ముక్కుపట్టీ ఎంత బిగించారో కొలిచే పరికరం 2025 నుంచి అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య పోటీల్లోకి వచ్చింది.

అయితే వారి అభ్యంతరంలో ఒక బలమైన అంశం ఉంది. తాడు తగలగానే తప్పుకోవడం మాత్రమే నేర్చిన గుర్రం, కళ్ళెం తగిలినప్పుడు కూడా గడ్డం ఛాతీ వైపు ముడిచి తప్పించుకుంటుంది. న్యాయనిర్ణేతలు చూసేది గుర్రం తనంతట తాను ముందుకు సాగి చేతిని అందుకోవడాన్ని. అంతర్జాతీయ డ్రస్సాజ్‌లో కళ్ళెం లేకుండా దిగనివ్వరు కూడా. అందుకే నేల పాఠం అవగానే మామూలు స్నాఫిల్ (నోట్లో పెట్టే సాదా) కళ్ళెంతో ఎక్కి, మెడ చాచి ముందుకు నడవనిస్తాను. ఈ రెండో సగం వదిలేస్తే బరిలో మార్కులు పోతాయి.

పగ్గం చివరి ఇత్తడి కొక్కెం మరీ బరువు, ఊపినప్పుడల్లా గడ్డానికి తగులుతుంది. నేను తీసేసి ముడి వేశాను. ఈ హాల్టర్‌తో గుర్రాన్ని ఎప్పుడూ కట్టేయకండి, వేసి తోటలో వదలకండి. ఎక్కడైనా చిక్కుకుంటే ఈ తాడు తెగదు, మెడ విరిగే ప్రమాదం. సముద్రపు ఉప్పుగాలికీ చెమటకూ తాడు గట్టిపడుతుంది. సబ్బుపొడి వేస్తే ఇంకా బిరుసెక్కింది. కుంకుడు రసంలో నానబెట్టి నీడలో ఆరేస్తే మళ్ళీ మెత్తబడింది. కర్ర పొడవైన చేయిలాంటిదే, తన్నే అలవాటున్న గుర్రానికి దూరం నుంచి తాకడానికి మంచిది. సిరికి దాని అవసరం రాలేదు. థరోబ్రెడ్ తలకు పెద్ద సైజు వదులైంది, మధ్య సైజు సరిపోయింది. కొనేముందు చెవుల వెనక నుంచి ముక్కు దాకా టేపుతో కొలుచుకోండి.